గురువారం నాటి ముంజలు

రంజాన్ నెల మొదలైన తొలి శుక్రవారం, ఎండ చల్లబడే వేళ, ఆత్మకూరులో పరుపులు కుట్టే యాకూబ్ చాచా మహబూబ్‌నగర్‌లోని మా దినపత్రిక కార్యాలయానికి వచ్చి, మడిచిన జిల్లా పేజీని నా బల్ల మీద విప్పాడు. అందులో ఆయనే ఉన్నాడు. బస్టాండు పక్కన గొంతుక్కూర్చుని, తాటి ముంజ నోట్లో పెట్టుకుని, గడ్డం మీదుగా నీళ్లు కారుతుంటే నవ్వుతున్నాడు. 'గురువారం ఆత్మకూరులో ముంజలతో సేదతీరుతున్న వృద్ధుడు' అని రాసి ఉంది. పక్కన నా పేరు.

"సాబ్, నేను రోజా ఉన్న. గీ పేపరేమో నిన్న ముంజలు తిన్ననంటాంది," అన్నాడు.

కొత్త జిల్లాలు ఏర్పడిన తర్వాతి వేసవి అది. నేను స్టాఫ్ ఫొటోగ్రాఫర్‌ని. సభలు, ప్రమాదాలే కాక, దారిలో కంటబడిన మామూలు బతుకును కూడా తీసి పంపాలి. వార్తలు పలచబడిన రోజు పనికొస్తాయని డెస్క్ వాటిని దాచేది. ఆ నిల్వను 'హోల్డ్' అనేవాళ్లం. వాడే నాడు పాతవాసన రాకుండా, ఫొటో కింది రైటప్‌లో ముందురోజు వారం పేరు చేర్చేవారు. ఎండాకాలపు ఫొటోకు బుధవారమైతేనేం, గురువారమైతేనేం అనుకుని నేనూ ఏనాడూ అడగలేదు.

ఆ ఫొటో నెలవంక కనబడక ముందు తీసింది. ముంజలమ్మే ఆమె "గడ్డానికి గూడ తాపుతున్నవా చాచా?" అంటే ఆయన నవ్వాడు. నేను బటన్ నొక్కాను.

చాచా రంజాన్‌లో తెల్లవారకముందే బస్తీలో ఇంటింటి తలుపు తట్టి, ఉపవాసానికి ముందు తినే సహరీకి జనాన్ని లేపేవాడు. తండ్రి నుంచి వచ్చిన పని. ఆ ఉదయం దర్జీ దుకాణం ముందు కుర్రాళ్లు పేపరు పట్టుకుని, "మమ్ముల లేపి ఉపాసముంచి, నువ్వు బస్టాండ్ల ముంజలు మింగుతవా చాచా?" అన్నారట. మసీదులో పెద్దలు ఏమీ అనలేదు.

"అంటే జవాబు చెప్తుంటి సాబ్. చూసి తల తిప్పుకున్నరు. రేపు ఏ మొఖం పెట్టుకొని తలుపు గొట్టాలె?"

నేనే వచ్చి వాళ్లకు చెప్తానన్నాను.

"నువ్వు చెప్తే నలుగురు ఇంటరు. పేపర్ల పడ్డ మాట పేపరే తియ్యాలె," అన్నాడు.

ఎడిషన్ ఇన్‌చార్జి తప్పు ఒప్పుకున్నాడు, సవరణకు మాత్రం ఒప్పుకోలేదు. ఈ ఒక్కదానికి తేదీ దిద్దితే రేపటి నుంచి ప్రతి ఫొటోకూ అడుగుతారన్నాడు. నేను గట్టిగా వాదించలేదు. హోల్డ్‌లో ఉన్నవన్నీ దాదాపు నావే.

మర్నాడు ఆత్మకూరు వెళ్లి, మసీదు బయట పెద్దలకు కెమెరా తెర మీద తేదీ చూపించాను. ఒకాయన కళ్లద్దాలు సవరించుకుని మర్యాదగానే చూశాడు. "తేదీ గూడ మీ చేతులదే గద సాబ్," అన్నాడు. చాచా నా పక్కనే నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయన ముఖం చూడలేక, కెమెరాను సంచిలో సర్దడానికి చాలాసేపు తీసుకున్నాను.

ఆ తర్వాత, తీసిన తేదీని రైటప్‌లో మొదటి మాటగా రాసి పంపేవాణ్ని. డెస్క్ కొన్నిసార్లు ఉంచింది, కొన్నిసార్లు కొట్టేసింది. అడగకుండా తీసిన ఫొటోలో మనిషీ నవ్వూ నిజమే కావచ్చు. కింద వారం పేరు అబద్ధమైతే అది ఆ మనిషి మీద దొంగసాక్ష్యమే. నేను నేర్చుకున్నది ఇంతే.

సవరణ రాలేదు. మరుసటి రంజాన్‌కు సహరీకి లేపే పని వేరే ఆయన చేశాడు. చాచాయే మానుకున్నాడో, మానుకోమన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.