ఏకాదశి నాటి గుక్కెడు నీళ్లు

డెబ్బైల చివర ఆదోనిలో మా కాపురం. మా ఆయన బడిపంతులు. అత్తగారిది మంత్రాలయం దగ్గర గుడి సేవ చేసుకునే కుటుంబం. రెండో కాన్పు తర్వాత నా మెడ నుంచి కుడి మోచేతి దాకా నొప్పి పట్టుకుంది. కాలినచోట కారం రాసినట్టుండేది. చెయ్యెత్తి జడ వేసుకోలేను. అత్తగారే సణుగుతూ వేసేది. నొప్పికి తోడు ఏడుపు. గంజి వారుస్తూ ఏడుపు, పిల్లకు నీళ్లు పోస్తూ ఏడుపు. ఎందుకే అంటే ఏం చెప్పను?

డాక్టరు రాత్రిపూట వేసుకోమని చిన్న మాత్ర ఇచ్చాడు. "నొప్పికీ దిగులుకూ రెంటికీ పనిచేస్తాదమ్మా. నోరెండుతాది, నీళ్లు తాగుతా ఉండు. నన్నడక్కుండా ఆపొద్దు" అన్నాడు. మొదట్లో ఒకటే మత్తు, తలదిమ్ము. కొన్ని వారాలకు, ఒక ఉదయం నా జడ నేనే వేసుకున్నాను. అద్దంలో చూసుకుంటే నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో!

అంతలో ఏకాదశి వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు మంచినీళ్లు కూడా ముట్టరు. అంతకుముందు నాకది లెక్కే కాదు. ఈసారి మధ్యాహ్నానికే నాలుక అంగిటికి అతుక్కుపోయింది. వంటింట్లో చెంబెత్తి గుక్కెడు తాగుతుంటే అత్తగారు చూసింది.

"ఏమే, దేవుడనే భయం ల్యాదా నీకు?"

"ఆ మాత్రకు నోరెండుతాంది అత్తా. తట్టుకోలేకపోయినా."

అదేం మందో కనుక్కొస్తానని మా ఆయన ఆ మాత్ర తీసుకుని మందుల షాపుకు వెళ్లాడు. తిరిగొచ్చి గడప దగ్గరే నిలబడిపోయాడు.

"అది పిచ్చోళ్లకిచ్చేదంట" అన్నాడు, నాతో కాదు, వాళ్లమ్మతో.

అంతే. పిచ్చిమందు తినే మనిషి మడి కట్టుకుని నైవేద్యం వండకూడదట.

"మాత్ర కావాల్నా, వంటిల్లు కావాల్నా? నువ్వే సెప్పు" అంది అత్తగారు.

"డాక్టరు ఆపొద్దన్నాడు."

"ఈడొచ్చి మడికి నిలబడేది డాక్టరా?"

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. వంటింట్లోకి రానివ్వని కోడలిని ఆ తర్వాత పుట్టింటికి పంపుతారనీ, పిల్లల్ని ఇక్కడే ఉంచుకుంటారనీ నాకు తెలుసు. మాత్రలు పెరట్లో పారేశాను. ఆ ఇద్దరి మీదా కోపం నాకిప్పటికీ చల్లారలేదు.

వారం తిరక్కుండానే నొప్పి వచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది.

తర్వాతి ఏకాదశికి నేను చుక్క నీళ్లడగలేదు. మర్నాడు భోజనాలయ్యాక అత్తగారు నా బుగ్గ నిమిరింది.

"సూడు, ఇప్పుడు బాగైనావు" అంది.

దువ్వెన ఆమె చేతికిచ్చి, వెనక్కి తిరిగి కూర్చున్నాను.