రేకు మీద క్యారియర్ చప్పుడు

పొట్టీ, నువ్వు పోయావని అందరికీ నేనే చెప్పాల్సి వచ్చింది తల్లీ.

మా కూతురు పోయిన నెల చనిపోయింది. జ్వరమని కోలారు ఆసుపత్రిలో చేర్చాం, ఇంటికి తిరిగి రాలేదు. అంతకంటే రాయను. మంచం మీద పడుకున్న ఆ కొద్ది రోజులు దాని బతుకు కాదు. మా బంగారు గనుల ఊరు కోరమండల్‌లో అది నెత్తిన కట్టడం పని టోపీ పెట్టుకుని, టోపీ కింద మల్లెపూలు దోపుకుని తిరిగిందే, అది రాస్తాను. నాకు పెద్ద చదువు లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మేముండింది గని కార్మికుల లైనులో. ఎదురెదురుగా రెండు వరుసల్లో చిన్న చిన్న ఇళ్ళు, గోడలన్నీ జింకు రేకులు. ఒకరింట్లో తాళింపు వేస్తే పక్కింట్లో తుమ్మేవాళ్ళు. షిఫ్టు దిగి వచ్చే మగవాళ్ళు లైను మొదట్లో ఉన్న రేకును చేతిలోని క్యారియర్‌తో ఒక దెబ్బ కొట్టి లోపలికి వచ్చేవాళ్ళు. గనిలోకి దిగిన మనిషి పైకొచ్చాడు, ఇక పళ్ళెం పెట్టండి అని దాని అర్థం. ఎవరి మొగుడు కొట్టినా అందరం ఊపిరి పీల్చుకునేవాళ్ళం. ఎదురింటి అక్క మాత్రం ఒక రోజు ఆ చప్పుడు కోసం చూస్తూనే ఉండిపోయింది. ఆమె భర్త కేజ్‌లో, అంటే మనుషుల్ని గనిలోకి దించే ఇనుప పెట్టెలో, దిగిపోయి మళ్ళీ పైకి రాలేదు.

గనులు మూతపడ్డాక లైను కూడా మూతపడినట్టే అయింది. టీ అంగడి పోయింది, టైలరు పోయాడు. పని కావాలంటే తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కాలి. నా బిడ్డ కూడా అక్కడ కట్టడాల దగ్గర సూపర్‌వైజరు పని చేసేది. "సీటు దొరికితే కూర్చుని నిద్రమ్మా, దొరక్కపోతే నిలబడి నిద్ర" అని నవ్వేది. మధ్యాహ్నం అది తినేదో లేదో నాకు తెలిసేది కాదు.

అప్పుడే ఒక బెంగళూరు కంపెనీ మా లైను స్థలంలో పెద్ద పెద్ద ఫ్లాట్లు కడతామని వచ్చింది. ముందు బ్లాకులో అద్దాల బాల్కనీలు, ఈతకొలను, డబ్బున్నవాళ్ళకు. వెనక బ్లాకు లైనువాళ్ళకు. అక్కడ వద్దనేవాళ్ళకు ఊరి బయట విడి ఇల్లు. ఆ కంపెనీలోనే నా బిడ్డకు పని దొరికింది. ఆ రోజు పరిగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, ఇంగ రైలు లేదు. మద్యాన్నం ఇంటికొచ్చి ముద్ద తింటా. బస్సారు చేసి పెట్టు" అంది. ఆ రోజు నుంచి, లైను కూల్చి మమ్మల్ని పక్కనే కంపెనీ షెడ్లలో ఉంచినప్పుడు కూడా, రోజూ వచ్చింది. నా ఎదురుగా కూర్చుని రాగి ముద్ద తుంచుకుని, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచిన ఆ బస్సారులో అద్దుకుని తినేది. ఇంతకంటే ఏం కావాలి ఒక తల్లికి?

కట్టడం పూర్తయి ఈతకొలనులో మొదటిసారి నీళ్ళు నింపినప్పుడు ఒక తమాషా జరిగింది. మాకు జీవితమంతా కొళాయి దగ్గర వరుసలో నిలబడటమే అలవాటు. అన్ని నీళ్ళు చూసి అది మా కోసం కట్టిన తొట్టి అనుకుని, లైను ఆడవాళ్ళందరం బిందెలతో వెళ్ళి వరుస కట్టాం. కాపలా మనిషి అరుస్తున్నాడు. నా బిడ్డ వచ్చి చూసి, నవ్వు ఆపుకోలేక కడుపు పట్టుకుని కింద కూర్చుంది.

"యాలే నగుతావు? యాడుండాది కొళాయి, చెప్పు" అని కోప్పడింది ఎదురింటి అక్క.

"పెద్దమ్మా, అవి ఈత కొట్టే నీళ్ళు. నీ బిందె ఎత్తుకో, మీ వంటింట్లోనే కొళాయి ఉండాది, తిప్పి చూపిస్తా రా."

వంటింట్లో కొళాయి సంతోషమే, కానీ ఆ వంటిల్లు నాలుగో అంతస్తులో ఉంది. అక్కకు మోకాళ్ళు పట్టేశాయి, మెట్లు ఎక్కలేదు. లిఫ్టు దగ్గరికి తీసుకెళితే తలుపు తెరుచుకోగానే వెనక్కి జరిగింది. "ఇది కేజే కదా. నేనెక్కను. ఊరి బయట ఇల్లు తీసుకుంటాను" అని తేల్చి చెప్పేసింది. నాకు అన్నం సయించలేదు. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఎదురెదురుగా బతికాం. ఆమె పోతే నాకు కొత్త ఇల్లెందుకు?

నా బిడ్డ ఆమెతో వాదించలేదు. లైను కూల్చిన రోజు మగవాళ్ళు కొట్టే ఆ మొదటి రేకును ఊడదీయించి దాచుకుందట. దాన్ని తెచ్చి మా అంతస్తులో లిఫ్టు పక్కన గోడకు బిగించమంది. కంపెనీ సారు ఒప్పుకోలేదు.

"ఏందమ్మా ఇది? ఇంత మంచి గోడకు తుప్పు రేకా?"

"సార్, ఈ గోడ మీది. ఈడ బతికేది మావోళ్ళు. ఒక్క రేకు సార్."

ఆయన విసుక్కుని, "వెనక బ్లాకే కదా, కానివ్వు" అన్నాడు. అది పొట్టిది కదా, తన చేతికి అందే ఎత్తులోనే బిగించుకుంది.

తర్వాత మమ్మల్నిద్దరినీ కింద నిలబెట్టి, నా క్యారియర్ పట్టుకుని తనొక్కతే లిఫ్టెక్కింది. తలుపు మూసుకుంది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి పైనుంచి ఠంగుమని చప్పుడు. మెట్ల గుండా కింది దాకా వినిపించింది. అక్క ఏడ్చేసింది. నా బిడ్డ దిగి వచ్చి, "చూస్తివా పెద్దమ్మా? పోయినాను, కొట్టినాను, వచ్చినాను. ఇంగ నీ వంతు" అంది.

అక్క కళ్ళు మూసుకుని, దాని భుజం పట్టుకుని ఎక్కింది. పైకి చేరాక ఆమె కొట్టిన దెబ్బకు ముందు బ్లాకువాళ్ళు ఏం పడిపోయిందోనని బాల్కనీల్లోకి వచ్చి చూశారు. ఊరి బయట ఇంటి మాట అక్క మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు మా వీధిలో టీ అంగడి మళ్ళీ తెరిచారు. టైలరు కొడుకు మిషను పెట్టాడు. ముందు బ్లాకులోకి వచ్చిన ఒక బెంగళూరమ్మ రాగి ముద్ద గడ్డలు కట్టకుండా తిప్పడం నా దగ్గరే నేర్చుకుంది. ఆమె కూడా వచ్చేటప్పుడు రేకును తట్టే వస్తుంది.

నా బిడ్డ పోయాక కొన్నాళ్ళు ఎవరూ రేకును ముట్టలేదు. నేను పొయ్యి వెలిగించలేదు. ఒక మధ్యాహ్నం ఠంగుమంది. తలుపు తీస్తే ఎదురింటి అక్క, చేతిలో క్యారియర్.

"ఏమే, చప్పుడు ఇనపళ్ళేదా? పళ్ళెం పెట్టు. బస్సారు తెచ్చినాను. నువ్వు తినకుంటే ఆ పొట్టిది నన్ను తిట్టదా?"

ఇద్దరం కూర్చుని తిన్నాం. ఏడుస్తూనే తిన్నాను, కానీ కడుపు నిండా తిన్నాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నం కాగానే అక్క పొడుగు మనిషి నడుం వంచి మరీ ఆ రేకును కొడుతుంది. నా బిడ్డ చేతి ఎత్తులో, అది ఆ రోజు నా క్యారియర్‌తో కొట్టిన సొట్టలోనే కొడుతుంది.

ఇది చదివినవాళ్ళు కూడా వేళకు బాగా తినండి.