యస్నా రాసిన క్రియల పట్టికలు

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాని మీద ప్రభుత్వ ముద్ర కూడా పడింది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

అప్పుడు జెర్సీ సిటీలో ఒంటరిగా ఉండేవాణ్ణి. భాషలు నేర్పే యాప్ తయారుచేసే చిన్న కంపెనీలో పని. సెర్బో-క్రొయేషియన్ నా మెడకు చుట్టారు. ఆ భాషలో సాగుతున్న పనికి ఒక క్రియ, ముగిసిన పనికి మరో క్రియ. రాస్తూ ఉండటం ‘పిసాతి’, రాసి ముగించడం ‘నపిసాతి’. ఈ ముగింపు క్రియల రూపాలు నా ప్రోగ్రామ్ ఎప్పుడూ తప్పే ఇచ్చేది.

మా బిల్డింగ్ బేస్‌మెంట్‌లో, బట్టలు ఉతుక్కునే చోట, యస్నా పరిచయమైంది. అరవై దాటిన మనిషి. ఆ భాష మాట్లాడే బోస్నియాలో, సరయేవో నగరంలో టీచరుగా చేసి, యుద్ధంలో సర్టిఫికెట్లతో సహా అన్నీ పోగొట్టుకుని వచ్చింది. ఆదివారం ఉదయాల్లో మెషిన్లు తిరుగుతుండగా నా తప్పులు దిద్దేది. “నువ్వు పలుకుతుంటే మా క్రియలు ఏడుస్తున్నాయి” అని నవ్వేది. వారం మొత్తంలో ఆఫీసు బయట నాతో మాట్లాడే మనిషి ఆవిడ ఒక్కతే. రెండేళ్లలో ఏడు నోట్‌బుక్కులు నింపి ఇచ్చింది, ఒక్కో క్రియకు అన్ని రూపాలతో పట్టికలు. నేను టైప్ చేశాను. అంతే నేను చేసింది.

తర్వాత గ్రీన్‌కార్డ్ పిటిషన్. నా సొంత ప్రతిభ ఏమిటో చూపించాలి. ఆ పట్టికలనే చూపించాను. డ్రాఫ్ట్ చదివిన స్నేహితుడు సుధాకర్, “అన్నా, ‘మేము’ అని రాసినవేంది? కేస్ వీక్ అయితది. అంతా ‘నేను’ అనే పెట్టు” అన్నాడు. పెట్టాను. తప్పు వాడి మీదికి నెట్టడం లేదు.

ఆ ఏడాదే ఒక కాలేజీలో ఆవిడ భాషకు సాయంత్రం క్లాసులు చెప్పే ఉద్యోగానికి ప్రకటన పడింది. యస్నా బట్టలు మడతపెడుతూ అడిగింది.

“ఆ పట్టికలు నావేనని ఒక లెటర్ ఇస్తావా? టీచర్‌నని చూపించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.”

“కంపెనీ అలాంటివి ఇవ్వదండీ. పాలసీ.”

“కంపెనీ ఎందుకు? నువ్వు రాస్తే చాలు.”

“నేనూ రాయకూడదు.”

బుట్టలోంచి దుప్పటి తీసింది. “సరేలే, దుప్పటి ఆ కొస పట్టుకో” అంది. పట్టుకున్నాను.

ఉద్యోగం ఆవిడకు రాలేదు. ఏడాది తిరక్కుండా ఊరు మారి వెళ్లిపోయింది. నా మాట నమ్మిందా? అర్థమయ్యే ఊరుకుందా? నేను భయపడింది ఆ లెటర్ బయటపడితే కేసు పోతుందనేనా, లేక ఇన్నేళ్ల చదువూ ఉద్యోగమూ పక్కన పెడితే నాదంటూ చూపించుకోవడానికి ఏమీ లేదని కాగితం మీద తేలిపోతుందనా? కార్డు వచ్చిన రోజు ఎవరికైనా చెప్పాలనిపించి బేస్‌మెంట్‌కి దిగాను. ఎవరూ లేరు.

వెతికాను. దొరకలేదు. దొరికితే ఏమంటానో కూడా తెలియదు. అందుకే ఆవిడ అడిగిన లెటర్ ఇక్కడ రాస్తున్నాను. ఆ పట్టికలు యస్నా తయారుచేసింది. అందులో ప్రతి రూపమూ ఆవిడదే. ఆవిడ టీచర్.

ఇది ఇప్పుడు ఆవిడకు ఎందుకూ పనికిరాదు. తెలుసు. అయినా రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.