కొబ్బరికాయలకు పోయిన కాశీయాత్ర

పెళ్లినాటి పొద్దున్న పెళ్లికొడుకు ఎలా తయారవ్వాలో ఎవరూ చెప్పకపోతే ప్రమాదం. పుస్తకం చెబితే రెట్టింపు ప్రమాదం. నేను రెండోరకం బాధితుణ్ణి. నా పెళ్లికి నేనే అందకుండా పోయేవాణ్ణి. నమ్మరా? వినండి.

అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోయారు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఒంటరి కాపురం. చదువు పన్నెండో తరగతితో ఆగినా, లైబ్రరీలో తెలుగు బీరువాని చెదపురుగుల కంటే ముందే నమిలేసిన ఘనుణ్ణి. నా పెళ్లికి పెద్దరికం పక్క క్వార్టర్ గౌరమ్మ పిన్నిది.

"ఆ పొద్దున్న నేనేం చెయ్యాలి పిన్నీ?"

"ఏటి సేస్తావు? నలుగెట్టుకుని, తానం సేసి, పంచె కట్టుకుని కూకో."

అంతేనా! గ్రంథాధారం లేని పెళ్లా! లైబ్రరీకి పరుగెత్తి ఒక పాత వివాహ గ్రంథం పట్టుకొచ్చాను. అందులో ఉంది కాశీయాత్ర. పెళ్లికొడుకు గొడుగు, కర్ర పట్టుకుని సంసారం వద్దంటూ కాశీకి బయలుదేరాలట. వధువు సోదరుడు వెంటపడి, బెల్లం ముక్క నోట్లో పెట్టి, బతిమాలి వెనక్కి తేవాలట.

ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. ఆచారం మీద భక్తితో కాదు లెండి. ముప్పై ఏళ్లలో నేను ఎక్కడి నుంచి లేచి వెళ్లిపోయినా "ఆగు" అన్నవాళ్లు లేరు. ఇక్కడేమో పరుగెత్తుకొచ్చి నన్ను ఆపడం ఒకరి విధి!

పెళ్లి ఊళ్లోనే, దయాల్‌బంద్‌ పేటలో. పొద్దున్నే పంచె కట్టి, బుగ్గన చుక్క పెట్టుకుని, గొడుగు, డ్యూటీలో పట్టే జెండా కర్ర, చంకలో పుస్తకంతో మండపం బయటికొచ్చాను. సన్యాసికి ఫోనెందుకని గదిలోనే వదిలేశాను. గేటు దగ్గర పిన్ని.

"ఏటి నాయనా, ఎక్కడికి?"

"కాశీకి!"

"అచ్ఛా, తొరగా వచ్చీ. వచ్చినప్పుడు రెండు కొబ్బరికాయలు పట్టుకురా."

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనంటారు. నేను కొబ్బరికాయలకు పోయినవాడితో సమానమయ్యాను.

పెళ్లికూతురి తమ్ముడు సంతోష్ టెంటువాడితో గొడవపడుతున్నాడు. ఎదురుగా నిలబడి గొడుగు విప్పాను. "సంసారం వద్దు. కాశీకి పోతున్నాను."

"ఠీక్ హై జీజాజీ. ధూప్ బహుత్ హై, ఎండకి గొడుగు తెచ్చారు, మంచి పని చేశారు," అని మళ్లీ టెంటువాడి మీద పడ్డాడు.

వెనక్కి తిరగకూడదని గ్రంథం ఆజ్ఞ. నడిచాను. వెనక అడుగుల చప్పుడైతే నడక తగ్గించాను. మేక. మలుపు దగ్గర చెప్పు సరిచేసుకునే వంకతో పది నిమిషాలు వంగి ఉన్నాను. ఎవరూ రాలేదు. అలా అలా స్టేషన్ దాకా వచ్చేసి బయట అరుగు మీద కూలబడ్డాను. లోపల ఏవో బండ్లు వస్తున్నాయని, పోతున్నాయని మైకు చెబుతూనే ఉంది. నిజంగానే ఏదో ఒకటి ఎక్కేసినా ఎవరికీ తెలియదేమో అనిపించింది. గొడుగు పెద్దదే. నీడలో ఉన్నది మాత్రం ఒక్కణ్ణే.

ఇంతలో ఆటో వచ్చి ఆగింది. వెనక సీట్లో పసుపు చీరలో, బాసికంతో సహా పెళ్లికూతురు! డ్రైవరు పక్కన సంతోష్. నేను కాశీకన్న మాట అప్పుడు గుర్తొచ్చి, తిన్నగా స్టేషన్‌కే తెచ్చాడట.

"ఏటండీ ఇది? ముహూర్తానికి గంట కూడా నేదు! పెళ్లికొడుకు పారిపోనాడంటన్నారు అందరూ!"

"నేను లేనని ఎలా తెలిసింది?" అన్నాను ఆశగా.

"కొబ్బరికాయలు ఇంకా రానేదేటని పిన్ని అడిగింది. ఎక్కండి."

పౌరుషం పొడుచుకొచ్చింది. "అలా ఎక్కకూడదు. మీ తమ్ముడు బెల్లం పెట్టి బతిమాలాలి. గ్రంథంలో ఉంది."

ఆమె పుస్తకం లాక్కుని పేజీ తిప్పింది. మొదటి వాక్యమే: ఈ ఆచారం లేని ఇళ్లవారికి ముందుగా చెప్పి ఉంచాలి. నేను ఆ పేజీ తిప్పలేదు.

"నాకు సెప్పాల కదా! నేనే వచ్చి ఆపేదాన్ని," అంది మెల్లగా. వెంటనే గొంతు పెంచింది. "బెల్లం కావాలా? జీలకర్రతో కలిపి నెత్తిమీద పెడతాను. ఎక్కండి ముందు!"

ఎక్కాను. దారిలో ఆటో ఆపించి రెండు కొబ్బరికాయలు కొన్నాను. పిన్ని అడుగుతుంది మరి.

కనుక పాఠకులారా, నా నెత్తిమీది జీలకర్ర బెల్లం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై పేజీ తిప్పకుండా ఏ గ్రంథాన్నీ ఆచరించను. కూరగాయలకు పోయినా మా ఆవిడకు చెప్పే పోతాను. వీధి మలుపులో మాత్రం, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని, ఇప్పటికీ కాస్త మెల్లగా నడుస్తాను.