నీ పాట ఎవరు వింటార్రా?

మా తమ్ముడి గురించి చెప్పాలంటే ముందు నా గొంతు గురించి చెప్పాలి. వాడి కథలో దూరకూడని చోట దూరింది అదే.

నేను ముప్ఫై ఏళ్ళు బస్టాండులో అనౌన్సర్‌ని. మేడ మీద అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం నా పని. మైకు పాడైన రోజున కిటికీ తెరిచి అరిచేదాన్ని. డ్రైవర్లకి తేడా తెలిసేది కాదు. గొంతుకేం తక్కువ లేదు, వినేవాళ్ళే కరువు. "నాలుగో ప్లాట్‌ఫారం" అని మూడుసార్లు చెప్పి ఊపిరి తీసుకునేలోపే ఒక పెద్దమనిషి మెట్లెక్కి వచ్చి అద్దం మీద తట్టి, "అమ్మా, బస్సు ఎక్కడికొస్తుంది?" అనేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో నన్నడగండి. రిటైరైన రోజున కూడా, "ఇది నా చివరి అనౌన్స్‌మెంటు, ఇన్నేళ్ళూ విన్నందుకు కృతజ్ఞతలు" అని చెప్పాను. కింద ఒక్క తల పైకి లేస్తే ఒట్టు.

ఇక మా వాడు లిఫ్టు మెకానిక్కు. యాభై రెండేళ్ళు. పెళ్ళి మాటెత్తిన ప్రతిసారీ ఊళ్ళో ఎక్కడో ఒక లిఫ్టు ఆగిపోయేది, వీడు పనిముట్ల సంచీ తగిలించుకుని పారిపోయేవాడు. నా భర్త పోయాక నేనొచ్చి వీడి దగ్గరే ఉంటున్నాను. ఊరందరి లిఫ్టులూ బాగుచేసేవాడు ఉండేది లిఫ్టు లేని మూడో అంతస్తులో! పనిలో ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం తీస్తుంటాడని తోటివాళ్ళు వీడికి తుమ్మెద అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే పాటలు చేసేవాడు. రాయడం, పాడడం, గిటారు వాయించడం, రికార్డు చేయడం, అన్నీ వాడే. స్టూడియో ఎక్కడనుకున్నారు? నా బట్టల బీరువా! లోపల నాలుగు వైపులా బొంతలు కొట్టి, మధ్యలో స్టూలు వేసుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. నా బట్టలన్నీ కుర్చీల మీద కుప్పలు. అందుకే మా ఇంటికి ఎవరైనా వస్తే నిలబడే మాట్లాడి వెళ్ళిపోయేవారు.

పాతికేళ్ళు మ్యూజిక్ కంపెనీలకి పాటలు పంపాడు. కొందరు "బాగుంది, కానీ" అన్నారు. మిగతావాళ్ళు ఆ మాత్రం కూడా అనలేదు. ఆ తర్వాత వీడికొక కొత్త పిచ్చి పట్టింది. పాటని విడదీసి, గొంతు వేరు, గిటారు వేరు, దరువు వేరుగా నెట్‌లో పెట్టడం. ఎవరికి కావాలంటే వాళ్ళు ఆ ముక్కలు తీసుకుని, తమకి నచ్చినట్టు రీమిక్స్ చేసుకోవచ్చట.

"ఇల్లు కట్టి, తలుపులూ కిటికీలూ ఊడదీసి వీధిలో పెడతావా?" అన్నాను.

"తీసుకెళ్ళి వాళ్ళకి నచ్చిన ఇల్లు కట్టుకోనీ అక్కా. నాది నాకుంటుంది, వాళ్ళది వాళ్ళకుంటుంది."

పదకొండు పాటలు అలా పెట్టాడు. ఒక్కరూ ముట్టుకోలేదు.

పన్నెండో పాట, రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోతే లోపల ఇరుక్కున్న కొత్తవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం గురించి. దరువు కోసం నిజంగానే లిఫ్టు తలుపు మీద రెంచీతో కొట్టి రికార్డు చేసుకొచ్చాడు. ఒక ఆదివారం పొద్దున బీరువాలో కూర్చుని చివరి చరణం తొమ్మిదోసారి పాడుతున్నాడు. నాకు స్వెట్టరు కావాలి, అదొక్కటీ బీరువా పై అరలోనే ఉండిపోయింది. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. ఎంతసేపని ఆగను? తలుపు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను.

"బీరువాలో కూర్చుని గొంతు చించుకుంటే నీ పాట ఎవరు వింటార్రా?"

మామూలుగా అయితే వాడు ఏదో ఒక జోకు వేసి నవ్వేస్తాడు. ఆ రోజు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నిజమే అక్కా. ఇదొక్కటి పెడతాను. నెల రోజుల్లో ఒక్కరైనా తీసుకుని చేయకపోతే గిటారు ఎవరికైనా ఇచ్చేస్తాను. నీ బీరువా నీకు" అన్నాడు.

"సరే, మాట మీదుండు" అన్నాను. నా నోరు పడిపోనూ!

మర్నాటి నుంచి వాడి కూనిరాగం ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా "ఆపరా బాబూ" అని తిట్టుకున్నదాన్ని, తీరా ఆగాక ఇంట్లో కూర్చోలేకపోయాను. తోటి మెకానిక్కు ఒకతను ఫోన్ చేసి, "తుమ్మెదకి ఒంట్లో బాలేదా అక్కయ్యా?" అని అడిగాడు. ఇరవయ్యో రోజున వాడు బీరువాలో ఒక పక్క బొంత ఊడదీసి, చక్కగా మడతపెట్టి నా మంచం మీద ఉంచాడు. వద్దురా అనబోయి, ఆ బొంత తీసి మంచం కింద పెట్టాను. బస్సు రద్దయిందని వెయ్యిసార్లు చెప్పాను గానీ, తప్పయిందని చెప్పడం ఎప్పుడూ నేర్చుకోలేదు.

ఇరవై ఆరో రోజు సాయంత్రం టీ కాస్తున్నాను. వాడు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఒకటొచ్చింది. ఎక్కడో దూరాన ఉన్న పళ్ళ డాక్టరమ్మట. కానీ నువ్వు కోప్పడకూడదు."

పెట్టాడు. ముందు రెంచీ దరువు. తర్వాత ఎవరిదో గయ్యిమనే గొంతు: "నీ పాట ఎవరు వింటార్రా?" గరిట నా చేతిలోంచి జారి పడింది. అది నేనే!

జరిగిందేమిటంటే, పూర్తి పాటలో నా అరుపు కత్తిరించాడు గానీ, విడిగా పెట్టిన గొంతు ముక్కలో కత్తిరించడం మర్చిపోయాడు. ఆ డాక్టరమ్మ దాన్నే ఏరుకుని పల్లవి చేసి కూర్చుంది.

"నా గొంతు వాడుకోమని ఎవరు చెప్పారు దానికి? తీయించు! సొంత తమ్ముణ్ణి దెప్పిపొడిచిందని లోకమంతా వినాలా?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

"రాస్తున్నాను అక్కా. చెబితే తీసేస్తుంది" అని ఫోన్ తీసి రాయడం మొదలుపెట్టాడు.

"మరి నీ నెల?"

"ఇంకా నాలుగు రోజులున్నాయిగా" అన్నాడు తలెత్తకుండా.

పాతికేళ్ళు ఎదురుచూసిన ఒకే ఒక్కదాన్ని నా పరువు కోసం చెరిపేస్తున్నాడు, అదీ మారుమాట లేకుండా. నా కోపమంతా చల్లారిపోయింది. "ఆగు. చివరిదాకా పెట్టు" అన్నాను.

మళ్ళీ నా అరుపు, దాని తర్వాత వాడి చరణం. ఈసారి చివరిదాకా విన్నాను. ఆఖర్న దరువంతా ఆగిపోయింది, ఆ అమ్మాయి మెల్లగా అంది: "నేను వింటాను."

నిలబడ్డచోటే కూలబడి ఏడ్చాను. ముప్ఫై ఏళ్ళు మైకు ముందు కూర్చున్నాను, నా గొంతుకి ఒక్కరూ తిరిగి జవాబు చెప్పలేదు. ఈ పిల్లెవరో, నేను వెటకారంగా అడిగిన ప్రశ్నకి బుద్ధిగా జవాబిచ్చింది.

"ఉంచు" అన్నాను.

"అందరూ నిన్ను గయ్యాళి అనుకుంటారు అక్కా."

"అనుకోవడమేమిట్రా, ఉన్నమాటేగా! ఉంచు. ఆ బొంత కూడా తీసుకెళ్ళి ఉన్నచోట కొట్టు."

మరో నెల తిరిగేసరికి అలాంటి రీమిక్స్‌లు నలభై మూడు వచ్చాయి. ఒక బేకరీ అతను రొట్టెల ట్రేల మీద దరువేశాడు. ఒక టీచరమ్మ క్లాసు పిల్లలందరి చేతా జవాబు చెప్పించింది. ఒకటి నాకు తెలియని భాషలో ఉంది, అయినా జవాబు అర్థమైంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా ఇంట్లో మాత్రం నోరు చెడ్డదైతేనే ఊరు కలిసొచ్చింది.

మొన్న లైబ్రరీ మీది హాల్లో వాడి చేత పాడించారు. మూడొందల కుర్చీలు వేస్తే చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. బీరువాలో ముడుచుకుని పాడినవాడు, ఆ రోజు కాళ్ళు చాపుకుని దర్జాగా కూర్చుని పాడాడు. అటు ఇటు తల తిప్పి చూస్తే అందరి పెదాలూ వాడి మాటలే పలుకుతున్నాయి. ఆఖరి పాట మొదలుపెట్టి మధ్యలో ఆపి, "మా అక్క ఇక్కడే ఉంది" అన్నాడు.

స్టేజీ ఎక్కాను. ఎన్నో ఏళ్ళ తర్వాత మైకు ముందు నిలబడ్డాను. ఎదురుగా అన్ని తలలూ పైకెత్తి నా వంకే చూస్తున్నాయి. వాడి మొహంలోకి చూసి అడిగాను.

"నీ పాట ఎవరు వింటార్రా?"

"మేం వింటాం!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. కిటికీ అద్దాలు దడదడలాడాయి.

చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏమిటీ? వినపడలేదు!" అన్నాను.

వినపడక కాదు. ఇంకోసారి వినాలనిపించింది.