రెండోసారి అడగని వడ్డన

నిండు గుండిగల పక్కనే కూర్చోబెట్టి పంక్తికి పంక్తినే పస్తు పెట్టిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే, ఇది రాస్తున్నవాడు వాడే. కరువొచ్చి కాదు, బియ్యం చాలక కాదు. నా చదువు ఎక్కువై.

అరవైల చివరి మాట. నేను శ్రీకాకుళంలో గుమస్తాను. కాలేజీ గడప తొక్కలేదు గానీ గ్రంథాలయం గడప మాత్రం అరగదొక్కాను. అక్కడ దొరికిన పాత వాచకంతో రష్యన్ అక్షరాలు దిద్దుకుని, పరీక్ష రాసి, ఆర్నెల్లు మాస్కోలో ఆ భాష చదువుకుని వచ్చాను. వచ్చాక నా నడక మారింది. నాగావళి వంతెన ఎక్కితే అది నా బరువుకి వంగుతోందేమోనని భయం వేసేది.

అలా వెళ్లొచ్చినవాళ్లందరికీ ఆ వేసవిలో విజయనగరంలోని ఒక బళ్లో నాయకత్వ శిక్షణ శిబిరం పెట్టారు. మేం ఎవరి ఊళ్లో వాళ్లం సాయంత్రం పూట రష్యన్ తరగతులు నడపాలి. ఏ ఊరి తరగతి ఎవరి చేతిలో పెట్టాలో ఆఖరి రోజున శిబిరాధ్యక్షుడు తేలుస్తాడు. ఆయన పొందూరు ఖద్దరు తప్ప ఒంటిమీద వేసుకోని విశ్రాంత హెడ్మాస్టరు. అందరం మాస్టారనే పిలిచేవాళ్లం. శ్రీకాకుళానికి ఇద్దరం పోటీ: నేను, నా స్నేహితుడు సింహాచలం. వాడిది చీపురుపల్లి, ఉద్యోగం శ్రీకాకుళంలో. ఆ తరగతి నాదేనని నేను అప్పటికే ఊరంతా చెప్పేసుకున్నాను.

ఆఖరి రోజు మధ్యాహ్నం వడ్డనకి నన్ను పెద్దని చేశారు. ఇదే నా అసలు పరీక్ష అనుకున్నాను. నాయకత్వం మీద మా గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివినవాణ్ణి మరి! అంటే ఒక్కటే ఉండేది లెండి, అందులోనూ సగం చెదలు చదివేశాయి. మిగిలిన సగమేమో, కాలం వృథా చేయొద్దంది. దానికి తోడు మాస్కో అనుభవం. అక్కడ మొదటి రోజు వంటామె సూపు పోయబోతే మర్యాదకి వద్దన్నాను. మళ్లీ అడుగుతుంది కదా అని చూశాను. గిన్నె పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయింది. అప్పుడే జ్ఞానోదయమైంది: నాగరికత అంటే ఒక ప్రశ్న, ఒక జవాబు.

వడ్డించేవాళ్లని వరసగా నిలబెట్టి చెప్పాను. "ఏదైనా అడిగే వెయ్యాలి. ఒక్కసారే అడగాలి. వద్దంటే ముందుకి కదలాలి. బతిమాలుడు లేదు."

సింహాచలం బుర్ర గోక్కున్నాడు. "ఒరే బావా, మనోళ్లు ఒక్క మాటకి ఒప్పుకుంటారేటి? సిగ్గు పడతారు కదేటి."

"అది వాళ్ల తప్పు. మాస్కోలో..."

"మాస్కోలో సరేరా. ఇది ఇజీనారం!"

వాడి మాట విన్నానా? అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా వైపు మూడుసార్లు అడిగించుకోందే ఆకలిగొన్న అల్లుడైనా తినడు. ఆ సంగతి పుట్టినప్పట్నుంచీ తెలిసినవాణ్ణే, పుస్తకంలో లేదని మర్చిపోయాను.

ఆకుల్లో ముందుగా కాస్త అన్నం, ఆవకాయ బద్ద పడ్డాయి. ఆవ పెట్టిన పనసకాయ కూర గిన్నెతో నేనే మాస్టారి దగ్గరికి వెళ్లాను.

"కూర, మాస్టారూ?"

"అబ్బే, వద్దు నాయనా," అని ఆయన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. వేళ్ల మధ్య గరిటె పట్టేంత సందుంది. చూశాను. చూసి కదిలిపోయాను.

"బూరె?"

"ఈ వయసులో బూరెలెందుకు బాబూ..."

"నెయ్యి?"

ఆయన అన్నంలో బొటనవేలితో గుంట చేసి సిద్ధంగానే ఉంచారు. "డాక్టరు గారు..." అని నసిగేలోపు నెయ్యి గిన్నె నాలుగాకులు దాటిపోయింది.

పంక్తి పొడుగునా అదే తంతు. రైలు వెళ్లిపోయినా ఎత్తని గేట్లలా అడ్డం పెట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి. పాపం, మాస్టారు చాలాసేపు వంటింటి వైపు చూసి, చివరికి ఆవకాయ బద్ద చప్పరించి లేచారు. పెద్దాయన లేచాక ఎవరు కూర్చుంటారు? అందరూ లేచారు. ఎంత బేగి ముగించానో అని నేను గడియారం చూసుకుని మురిసిపోతున్నాను.

వంటింట్లోంచి వంటమనిషి సూరమ్మ కేక వేసింది. "ఓలమ్మ! ఇదేటి బాబూ, బూరెలన్నీ ఎనక్కొచ్చేసినాయి? నా సేతి వంట అంత పాడుగున్నాదేటి?"

"లేదమ్మా, అందరూ వద్దన్నారు."

"ఎన్నిసార్లడిగినావు?"

"ఒక్కసారి."

ఆమె గరిటె కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "అంత దూరం ఎల్లి ఇదా బాబూ నేర్సుకొచ్చినావు?"

సాయంత్రం సభ. మాస్టారు ఒక్కో ఊరే తేల్చుకుంటూ శ్రీకాకుళం దగ్గరికొచ్చి నా వైపు చూశారు. నేను చొక్కా సర్దుకున్నాను.

"భాష అందరిలోకీ నీకే బాగా వచ్చు," అన్నారు చల్లగా. "తరగతి బాధ్యత తీసుకుంటావా నాయనా?"

చూశారా ఆయన పెద్ద మనసు! మధ్యాహ్నం అంత చేసినా పదవి నాకే ఇస్తున్నారు. కానీ పెద్దలు ఇస్తామనగానే ఎగబడి పుచ్చుకుంటామా? మా ఇంట్లో అలా పెంచారా? నా ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుంది.

"అబ్బే, నేనెంతవాణ్ణండీ మాస్టారూ! నాకెందుకండీ..."

అని తల వంచుకుని, రెండో పిలుపు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను.

"సరే," అన్నారు మాస్టారు. "సింహాచలం, నువ్వు?"

"తీసుకుంటానండి!" వాడి కేకకి కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

"మాస్టారూ, నేను మర్యాదకి..." అని గొణిగాను.

"తెలుసు నాయనా," అన్నారాయన నవ్వుతూ. "కానీ ఒక్కసారే అడగాలని మధ్యాహ్నమే నేర్చుకున్నాను. ఖాళీ కడుపుతో నేర్చుకున్న పాఠం అంత తొందరగా మరుపు రాదు."

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది గుమ్మంలో నిలబడ్డ సూరమ్మ. ఆ నవ్వు వినడానికి ఇప్పుడు మరో తరగతి పోగొట్టుకోమన్నా పోగొట్టుకుంటాను.

తర్వాత చాలా ఏళ్లు సింహాచలం పాఠం చెబుతుంటే ముందు బెంచీలో కూర్చుని వాడి ఉచ్చారణ దిద్దేవాణ్ణి. వాడూ దిద్దించుకునేవాడు. మంచి రోజులు.

అగ్నిసాక్షిగా, అంటే సూరమ్మ పొయ్యి సాక్షిగా, ఆ రోజు నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఇతరులను మూడుసార్లకు తక్కువ అడగను. నన్నెవరైనా ఏదైనా అడిగితే, వాళ్లు మాట పూర్తిచేసేలోపే ఆకు ముందుకి జరుపుతాను.