పైకొండ తుడుము

మొన్న పొద్దున్న చోడంబలి తాగుతూ రేడియో పెట్టాను. స్థానిక రేడియో కేంద్రాల్లో ఏవి ఉంచాలో, ఏవి మూసెయ్యాలో, ఏవి ప్రకటనలవాళ్ళకు అప్పజెప్పాలో ప్రభుత్వం కొత్త విధానం తెస్తోందట. మా గెడ్డ, అదే మా కొండవాగు, పొంగితే కబురు చెప్పేది మా అరకు వైపు ఉన్న ఆ ఒక్క స్టేషనే. ఒళ్ళు మండిపోయింది. "ఎవరినడిగి మూస్తార్రా?" అని రేడియోనే కసిరాను. మనవరాలు పకపకా నవ్వి, "అది నీ మాట ఇనదు, అమ్మమ్మా" అంది. సర్కారు మాత్రం ఎప్పుడు విన్నది గనక!

1920లలో మా కొండలకు రేడియో లేదు, తుడుము ఉండేది. తుడుమంటే తోలు బిగించిన పెద్ద డప్పు. అమ్మ తమ్ముడు, మా మామ, పైకొండ ఊళ్ళో ఉండేవాడు. అక్కడ వాన కురిసి గెడ్డ పొంగితే తుడుము వాయించేవాడు. నీళ్ళకన్నా ముందే ఆ మోత మా ఊరికి దిగేది. గెడ్డలో ఉన్నవాళ్ళు తట్టాబుట్టా పట్టుకుని గట్టెక్కేవారు. పెళ్ళిలో వాయించమంటే మామ మూతి ముడుచుకుని, "ఇది గెడ్డది, గెంతులకి కాదు" అనేవాడు. అంత బడాయి ఆయనకి.

ఒక ఏడాది మా కొండల్లో గొడవలు రేగాయని, తుడుము మోగితే జనం పోగవుతారని తెల్లదొర హుకుం వేశాడు. ఎవరింటా తుడుము ఉండకూడదు, చాటింపంతా సర్కారు డప్పు మీదే. అది చెప్పేదేమిటి? పన్ను కట్టండి, రోడ్డు పనికి రండి. దొర ఒప్పుకుంటే మైదానం షావుకారు ఉప్పొచ్చిందని కూడా చాటించుకోవచ్చు. గెడ్డ వస్తోందని చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు. బంట్రోతులొచ్చి మామ తుడుమును పట్టుకుపోయారు.

ఆ వారమే అమ్మా, అక్కా, నేనూ గెడ్డకు వెళ్ళాం. అక్క నడిగెడ్డలో బండమీద బట్టలుతుకుతోంది, మేం గట్టుమీద ఆరేస్తున్నాం. పైకొండ మీద మబ్బు కమ్మింది.

"అమ్మా, పైన నల్లగున్నాది. పోదుమా?" అంది అక్క.

"తుడుము మోగిందేటే? మోగనేదు కదా. బేగి ఉతికేసి రా" అంది అమ్మ.

తుడుము పోయిందని అమ్మకు తెలియక కాదు. అది మోగకపోతే భయం లేదనే నమ్మకంతో పుట్టి పెరిగిన మనిషి. మా కళ్ళముందే అక్కను నీళ్ళు లాక్కుపోయాయి.

మామ కొండ దిగి పరుగెత్తుకొచ్చాడు. "అరిసినానప్పా, గొంతు పగిలీలా అరిసినాను" అంటూ తన అప్ప అయిన మా అమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. అరుపు అంత దూరం దిగుతుందా?

తరవాతి సంతలో సర్కారు డప్పు మోగింది. వానాకాలం గెడ్డలోకి ఎవరూ దిగకూడదట! సిగ్గులేని డప్పు. అమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, "ఈ మాట సెప్పీ తుడుముని ఏటి సేసినారు?" అని అడిగింది. చాటింపువాడు తల దించుకుని అవతలికి పోయాడు.

డెబ్బై ఏళ్ళు దాటిపోయాయి. ఇప్పటికీ మబ్బు పడితే నా చెవి పైకొండ వైపే తిరుగుతుంది. కాలం గడిస్తే అన్నీ మరుపుకొస్తాయన్నవాడికి అక్క ఉండి ఉండదు.